ఓరెగాన్ పండు, అనంతపురం ఎండ

పెరటి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమ్మాయి పురుటికని వెళ్లి అమెరికాలోని ఓరెగాన్‌లో కొన్నాళ్లు ఉన్నాను. వాళ్ల పెరట్లో తేనెరంగు రాస్ప్‌బెర్రీలు విరగకాశాయి. ఎర్రవాటి కంటే పులుపు తక్కువ, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి. వచ్చేటప్పుడు రెండు పిలకలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంటానంటే అమ్మాయి ఒప్పుకోలేదు. ఈసారి అల్లుడు వస్తున్నాడు. తెప్పించుకుంటే మా మిద్దె మీద కాస్తాయా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఈ విషయంలో నేను మీ అమ్మాయి పక్షమేనమ్మా. బయటి దేశం నుంచి మొక్క తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా ఇక్కడ దిగుమతి పర్మిట్ తీసుకోవాలి. మొక్కకు తెగుళ్లు లేవని ఆ దేశం ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఉండాలి. రెండు పిలకల కోసం అల్లుణ్ణి ఎయిర్‌పోర్టులో సంజాయిషీ చెప్పుకునేలా చేయకండి.

ఒకవేళ కాగితాలన్నీ సరిగ్గా ఉండి మొక్క వచ్చిందనుకుందాం. శ్రావణంలో నాటితే సంక్రాంతి దాకా పచ్చగానే ఉంటుంది. మీరు ఇరుగుపొరుగును పిలిచి చూపిస్తారు కూడా. శివరాత్రి వెళ్లాక ఆకు అంచులు మాడడం మొదలవుతుంది.

పసుపు రకం వేరే జాతి, వేడిని తట్టుకుంటుంది అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. అదేం కాదు. అది ఎర్ర రాస్ప్‌బెర్రీయే. పండుకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ అందులో తయారు కాదు, అంతే తేడా. చలి అవసరం, ఎండ భయం రెండింటికీ ఒకటే. శీతాకాలంలో ఆకులు రాల్చి నిద్రపోయి, 7 డిగ్రీల లోపు చలిలో 800 గంటలకు పైగా గడిపితేనే వాటి మొగ్గలు సరిగ్గా లేస్తాయి. కొన్ని రకాలకు 1,600 గంటలు కూడా కావాలి. ఓరెగాన్‌లో శీతాకాలమంతా అలాంటి చలే. మనకు డిసెంబరు తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగితేనే మఫ్లర్లు బయటికొస్తాయి. దానికి ఒక్క గంట కూడా దొరకదు.

చలి సంగతి వదిలేసినా నీళ్ల దగ్గర మళ్లీ చిక్కు. రాస్ప్‌బెర్రీకి కొంచెం పుల్లని నేల కావాలి, పీహెచ్ సుమారు 5.6 నుంచి 6.5 వరకు. మీ ఊళ్లో చాలా బోర్ల నీళ్లు ఎలాంటివో మీ టీ గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే చెబుతుంది. ఆ సున్నపు నీళ్లు రోజూ పోస్తే నేలలో పులుపు తగ్గి, మొక్కకు ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉండి మిగతా ఆకు పాలిపోతుంది. దాని మీద మే నెల మిద్దె వేడి. 30 డిగ్రీలు దాటితేనే సొమ్మసిల్లే మొక్కను 42 డిగ్రీల్లో సిమెంటు మీద నిలబెట్టడం నాకు మనసొప్పదు.

ఇంత చెప్పినా మనసు ఊరుకోకపోతే మన దేశంలోనే కొండ ప్రాంతాల నర్సరీల్లో అడగండి. ఫాల్ గోల్డ్, ఆన్ లాంటి రకాలు ఆ ఏడాది వచ్చిన కొమ్మ మీదే కాస్తాయి. మిగతావాటిలో కొమ్మ రెండో ఏడుగానీ కాయదు. మన దగ్గర రెండో ఏడు దాకా ఆగడమంటే మధ్యలో ఒక ఎండాకాలాన్ని దాటించడమే. పెద్ద గ్రో బ్యాగులో పెట్టి, ఉదయపు ఎండ మాత్రమే తగిలేలా తూర్పు వైపు ఉంచండి. వాన నీళ్లు పట్టిపెట్టి పోయండి. ఒక్క మొక్క చాలు, అంతకు మించి డబ్బు పెట్టొద్దు.

నన్నడిగితే మల్బరీ పెట్టుకోండి. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగుల కోసం ఎకరాలకు ఎకరాలు వేస్తారు. ఆ ఎండలు దానికి అలవాటే, పండు కూడా చూడడానికి రాస్ప్‌బెర్రీకి దూరపు చుట్టంలాగే ఉంటుంది. కాయలు కాసిన చెట్టును కళ్లారా చూసి, దాని నుంచే పెన్సిల్ లావు కొమ్మ జానెడు కత్తిరించి తెచ్చుకోండి, ఎందుకంటే మగపూలు మాత్రమే పూసే చెట్లూ ఉంటాయి. వానల్లో గుచ్చితే వేళ్లు పోస్తుంది. చెట్టు ఎదిగాక కొమ్మలు కత్తిరించి ఆకు దూసేస్తే, కొత్త చిగురుతోపాటే కాయలు వస్తాయి. మనవరాలు వచ్చినప్పుడు గౌను మీద మరకలు పడతాయి, అది మాత్రం తప్పదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘గోల్డెన్ రాస్ప్‌బెర్రీ’ విత్తనాల ప్యాకెట్ కొన్నాను. రెండు వారాల్లోనే మొలిచాయి. ఇప్పుడు నడుమెత్తు పెరిగి, బుడగలాంటి పొరలో ఒక్కో కాయ వేలాడుతోంది. ఫొటోలో ఉన్న పండుకూ దీనికీ పోలికే లేదు. మందేమైనా కొట్టాలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మందు ఎందుకండీ, మొక్క బాగానే ఉంది. ప్యాకెట్ మీద బొమ్మే తప్పు. మీరు పెంచుతున్నది కేప్ గూస్‌బెర్రీ, టమాటా కుటుంబం. ఉత్తరాదిలో దీన్ని రస్‌భరీ అని తోపుడుబండ్ల మీద అమ్ముతారు. అసలు రాస్ప్‌బెర్రీ గింజ రెండు వారాల్లో మొలవదు. నెలల తరబడి తడిలో, చలిలో ఉంచితేగానీ కదలదు. అలా మొలిచినా తల్లి మొక్క గుణమే వస్తుందన్న గ్యారంటీ లేదు, అందుకే పిలకలతో పెంచుతారు.

నిజానికి మీకే లాభం జరిగింది. కర్నూలు చలికాలం దీనికి సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: పచ్చికాయ తినకూడదు, విషపదార్థాలుంటాయి. పై పొర ఎండి కాగితంలా అయ్యాక, లోపలి పండు నిండు పసుపుకు తిరిగాకే తినండి. పిల్లలుంటే ఈ మాట ముందే చెప్పిపెట్టండి. వచ్చే ఏడు ఆగస్టు, సెప్టెంబరులో నారు పోసుకోండి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీకి చలి కావాలంటున్నారు కదా, కుండీని ఫ్రిజ్‌లో పెడితే కుదరదా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కడప

జవాబు: లెక్క వేశావంటే కుదురుతుంది నాయనా. వెయ్యి గంటలంటే 42 రోజులు. కాకపోతే ఆకులు రాలి నిద్రలో ఉన్న మొక్కనే పెట్టాలి. పచ్చటి ఆకులతో తోస్తే కుళ్లిపోతుంది. కడపలో మొక్క తనంతట తాను ఆకులు రాల్చి నిద్రపోదు కాబట్టి, చలి ప్రాంతం నుంచి జనవరిలో నిద్రలో ఉన్న మొక్కే తెప్పించాలి. అంటే దానికి కావాల్సిన చలి చాలావరకు అక్కడే పూర్తయి ఉంటుంది, నీ ఫ్రిజ్‌తో పనే తక్కువ. చిగురు వేసిన దగ్గర్నుంచి పండు చేతికి రావడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుంది. జనవరిలో నాటితే పండే వేళకు మే వస్తుంది. కడప మే సంగతి నీకు చెప్పాలా? అయినా చేసి చూడాలనుంటే ముందు ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేయమని మీ అమ్మగారిని అడుగు.