పెట్రోలూ ఆయిలూ: అమ్మడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి రెండు సీట్ల విమానం కొన్నారనీ, దాని ఇంజను బాధ్యత నువ్వు తీసుకున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ గొంతులో గర్వం ఎంతుందో భయమూ అంతే ఉంది. నాకూ అంతే. వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. దానికున్న రోటాక్స్ 912 యూఎల్ఎస్ మంచి ఇంజను. శుభ్రమైన పెట్రోలు, సరైన ఆయిలు అందినంతకాలం తన పని తాను చేసుకుపోతుంది. నా బెంగంతా ఆ రెండూ దానికి అందే దారి గురించే.

ఎందుకంటే నువ్వు ఎగరబోయేది కోనసీమ మీద. ఇంజను ఆగితే దిగడానికి చోటేదమ్మా? కొబ్బరితోటలు, కాలవలు, చేపల చెరువులు. సార్వా (వానాకాలపు వరి) చేలో దిగితే ముందు చక్రం బురదలో కూరుకుపోయి విమానం తిరగబడుతుంది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కొన్నాళ్ళు మాత్రమే నేల గట్టిగా ఉంటుంది. అందుకని అందరూ అరగంటకి సరిపడా పెట్రోలు మిగుల్చుకుంటే నువ్వు గంటకి మిగుల్చుకో. క్రూజులో, అంటే పైకెక్కాక ఒకే ఎత్తులో సాగేటప్పుడు, గంటకి సుమారు 18 లీటర్లు ఖర్చవుతుంది, టేకాఫ్ పవర్లో 27 దాకా పోతుంది. నువ్వు 20 చొప్పున లెక్క వేసుకో. గేజిని నమ్మకు, ట్యాంకులో పుల్ల ముంచి చూడు.

ఏ పెట్రోలు పొయ్యాలన్నది ముందు తేల్చుకో. ఈ ఇంజనుకి కనీసం 95 ఆక్టేన్ కావాలి, ఎథనాల్ 10 శాతానికి మించకూడదు. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది ఈ20. అంటే 20 శాతం ఎథనాల్. కారుకి పోసినట్టు దీనికి పొయ్యకు. పాత రబ్బరు గొట్టాలు, ఫైబర్ ట్యాంకుల్లో పూత ఎథనాల్‌కి మెత్తబడతాయి. ఎవరైనా "ఇందులో ఎథనాల్ లేదండీ" అంటే నవ్వి ఊరుకుని నువ్వే పరీక్ష చెయ్యి. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో 10 గీత దాకా నీళ్ళు పోసి, ఆపైన 100 దాకా పెట్రోలు పొయ్యి. మూత పెట్టి బాగా కుదిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచు. ఎథనాల్ నీళ్ళలోకి దిగిపోతుంది. అడుగున నీటి మట్టం 10 దగ్గరే ఉంటే ఎథనాల్ లేదు. 19 దాకా పెరిగితే 10 శాతం. 28కి వస్తే అది ఈ20, పక్కన పెట్టెయ్యి.

విమానాల కోసమే చేసే పెట్రోలు, ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్, దొరికితే ఆ బాధ లేదు. వడోదర దగ్గర గుజరాత్ రిఫైనరీలో ఇండియన్ ఆయిల్ 2022 నుంచి తయారు చేస్తోంది. కాకపోతే అందులో సీసం ఉంటుంది, అది ఆయిలులో మడ్డిగా చేరుతుంది. ఎక్కువగా అదే వాడితే వంద గంటలకి మార్చే ఆయిలుని 50 గంటలు దాటనివ్వకు, 25కే మారిస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. చిన్న విమానాల వాళ్ళు తరతరాలుగా చేస్తూ వస్తున్న పొరపాటు ఒకటుంది. పొద్దున్నే వస్తారు, ట్యాంకు డ్రెయిన్ (అడుగున ఉండే చిన్న కుళాయి) కింద గ్లాసు పెట్టి ఓ అంగుళం పడతారు, వెలుగుకెత్తి చూస్తారు. మధ్యలో గీత లేదు, అడుగున బుడగ లేదు, తేటగా ఉంది. బాగుందనుకుని పారబోసి ఎగిరిపోతారు. గీత ఎందుకు లేదంటే, గ్లాసులో ఉన్నదంతా నీళ్ళే కనక! పెట్రోలూ నీళ్ళూ రెండూ ఉంటేనే గీత కనపడుతుంది. ఇంజను వెంటనే ఆగదు కూడా. కార్బురేటర్ (పెట్రోలుని గాలితో కలిపే భాగం) గిన్నెల్లో, గొట్టాల్లో ఉన్న మంచి పెట్రోలుతో స్టార్టవుతుంది, రన్‌వే దాకా వెళ్తుంది, గాల్లోకీ లేస్తుంది. నీళ్ళు గిన్నెల్లోకి చేరేది అప్పుడు. మూడొందల అడుగుల ఎత్తులో, కింద కొబ్బరిచెట్లు.

అందుకని గ్లాసుని చూసి ఊరుకోవద్దు. వాసన చూడు. రెండు చుక్కలు అరచేతి మీద వేసుకో, పెట్రోలైతే చల్లగా తగిలి ఎగిరిపోతుంది, నీళ్ళైతే అలాగే నిలుస్తాయి. ఇంకా అనుమానముంటే గ్లాసులో ఒక చుక్క నీళ్ళు వెయ్యి. పెట్రోలైతే ఆ చుక్క గుండ్రంగా అడుక్కి దిగుతుంది, నీళ్ళైతే కలిసి మాయమైపోతుంది. ఏవ్‌గ్యాస్ అయితే నీలం రంగే చెబుతుంది. ముందు రెక్కల ట్యాంకులు, ఆఖరున గ్యాస్కొలేటర్, అంటే ఇంజనుకెళ్ళే దారిలో నీళ్ళూ మడ్డీ పట్టే వడపోత గిన్నె. అది ముందు తెరిస్తే ట్యాంకు అడుగున ఉన్న నీళ్ళని నువ్వే గొట్టాల్లోకి లాగినట్టవుతుంది. పెట్రోలు పోసిన వెంటనే డ్రెయిన్ చెయ్యడం కూడా దండగ. కలకబారిన నీళ్ళు అడుక్కి చేరడానికి పావుగంటైనా పడుతుంది. మీ తాతయ్య ఆయిలింజనుకి డీజిలు పోసేముందు డ్రమ్ముని రాత్రంతా కదపనిచ్చేవారు కాదు. నువ్వు చేను గట్టు మీద కూర్చుని "ఇంకా ఎంతసేపు తాతయ్యా" అని విసిగించేదానివి. ఆ ఓపిక నీకు ఇప్పుడు కావాలి తల్లీ.

ఎథనాల్ కలిసిన పెట్రోలుతో ఇంకో చిక్కుంది. కొద్దిపాటి నీళ్ళని అది తనలో కలిపేసుకుంటుంది, డ్రెయిన్ చేస్తే ఏమీ కనపడదు. మోయలేనంత చేరినప్పుడో, రాత్రి చల్లబడినప్పుడో ఎథనాలూ నీళ్ళూ కలిసి ఒక్కసారి అడుక్కి దిగిపోతాయి. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ కూడా తగ్గిపోతుంది. 10 శాతం లోపే అని తేలినా సరే, వారాల తరబడి ట్యాంకులో నిలవుంచకు.

నీళ్ళు ఎక్కడినించి వస్తాయంటావా? మన గాలిలోంచే. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రి వదిలేస్తే లోపలి గోడలకి చెమ్మ పడుతుంది. ఏవ్‌గ్యాస్ అయితే ఎగిరొచ్చిన సాయంత్రమే నింపి పెట్టు. మూత కింద రబ్బరు రింగు ఎండి పగిలితే వానాకాలంలో ఒక్క రాత్రి చాలు. ట్యాంకు వెంటు గొట్టం కూడా రోజూ చూడు. కందిరీగ అందులో మట్టిగూడు కట్టేస్తుంది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు, నిండు ట్యాంకుతోనే ఇంజను ఆగుతుంది. హ్యాంగర్లో ఉన్నంతసేపూ ఎర్ర రిబ్బను కట్టిన మూత పెట్టు, ఎగిరేముందు తియ్యడం మర్చిపోకు.

డబ్బాతో పొయ్యాల్సొస్తే డబ్బా నేల మీద ఉండగానే నింపు. విమానానికి ఎర్త్ తీగ తగిలించాకే మూత తియ్యి.

కార్బురేటర్ గిన్నెలు విప్పినప్పుడు అడుగున మడ్డి, తెల్లటి పొక్కు ఉన్నాయేమో చూడు. వాటిలో తేలుతూ పెట్రోలు మట్టం కాపాడే ఫ్లోట్లు తూకం వెయ్యి. ఒక గిన్నెలోవి రెండూ కలిపి 7 గ్రాములు దాటితే పెట్రోలు పీల్చుకున్నాయన్నమాట, మార్చెయ్యి. ఏ కంసాలి కొట్లోనైనా తూచిపెడతారు.

ఆయిలుకొస్తే, ఇది డ్రై సంప్ ఇంజను, అంటే ఆయిలు ఇంజను అడుగున కాక విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. రాత్రి ఆయిలు కొంత ట్యాంకు వదిలి ఇంజనులోకి దిగిపోతుంది. అప్పుడు పుల్ల చూస్తే తక్కువ కనపడి, అవసరం లేకుండా పోసేస్తావు. రెండు ఇగ్నిషన్ స్విచ్చిలూ ఆఫ్ చేసి, ట్యాంకు మూత తీసి, ప్రొపెల్లర్ని తిరిగే దిక్కుకే నిదానంగా తిప్పు. ట్యాంకులో గుడగుడమని వినపడేదాకా తిప్పి, అప్పుడు చూడు. వెనక్కి మాత్రం ఎప్పుడూ తిప్పకు, ఆయిలు దారిలోకి గాలి చేరుతుంది. పుల్ల మీద రెండు గీతల మధ్య తేడా దాదాపు 450 మిల్లీలీటర్లు. గేరుబాక్సూ క్లచ్చీ ఇదే ఆయిలుతో నడుస్తాయి, అందుకని ఏరోషెల్ స్పోర్ట్ ప్లస్ 4 లాంటిదే వాడు.

ఆయిలు 50 డిగ్రీలు రాకుండా టేకాఫ్ వద్దు. ఎగిరిన రోజు ఒక్కసారైనా 100 డిగ్రీలు దాటాలి, లేకపోతే లోపల చేరిన తేమ ఆవిరి కాదు. మూత కింద తెల్లటి నురుగు కనపడితే అదే కారణం. ఆయిలు మార్చినప్పుడు ట్యాంకు ఒక్కటే ఖాళీ చెయ్యి, గొట్టాలు విప్పకు, అప్పుడు ప్రొపెల్లర్ తిప్పకు. కొత్త ఫిల్టరు వాషరు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు చాలు. పాత ఫిల్టరుని కోసి, మడతలు విప్పి, వెలుగులో లోహపు పొడి కోసం చూడు. ఆయిలులోని లోహపు ముక్కల్ని పట్టే మాగ్నెటిక్ ప్లగ్గు కూడా చూడు. నేను చెప్పిన దానికీ మాన్యువల్‌కీ తేడా ఉంటే మాన్యువల్ మాటే విను. లైసెన్సున్న ఇంజనీరు సంతకం లేకుండా ఏ పనీ అయిందనుకోకు.

ఆ విమానం పాతదన్నావట. పెట్రోలు గొట్టాలు, ఆయిలు గొట్టాలు, కార్బురేటర్ దగ్గరి రబ్బరు సాకెట్లు ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్‌లో వెతుకు. ఐదేళ్ళు దాటితే చూడ్డానికి ఎంత బాగున్నా మార్చాల్సిందే. ఆ పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. అది చూసి నేను ఫోన్ చేసేదాకా ఎగరకు.

ఆశీస్సులతో,
మావయ్య