లిథియం వాడుతూ ఉప్పు మానేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. బైపోలార్ జబ్బుకి (ఉన్మాదం, దిగులు మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఏళ్లుగా లిథియం వాడుతోంది. బీపీ వస్తుందేమోనని ఈ ఎండాకాలం ఉప్పు పూర్తిగా మానేసింది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. మాత్ర ఆపేయాలా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: సన్నటి వణుకు లిథియంతో మామూలే. నాకు టెన్షన్ అంతా ఆ ఉప్పు గురించేనమ్మా. మూత్రపిండాలు లిథియాన్ని సోడియంలాగే చూస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే సోడియాన్ని పట్టి ఉంచుకుంటాయి, దాంతోపాటు లిథియం కూడా రక్తంలో పేరుకుపోతుంది. సాధారణంగా లీటరు రక్తంలో లిథియం 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉంటే చాలు. అంతకు కాస్త పైనే విషం మొదలవుతుంది.

ఈరోజే మీ డాక్టరుతో మాట్లాడి లిథియం లెవల్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష) చేయించండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. వణుకు పెద్దదైనా, వాంతులు, విరేచనాలు, తూలుడు, మాట ముద్దగా రావడం ఉన్నా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే సొంతంగా ఆపొద్దు. ఉన్నట్టుండి మానేస్తే ఉన్మాదం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

ఉప్పు ఎప్పటిలా వాడమనండి, నీళ్లు బాగా తాగించండి. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనివ్వకండి, అవీ లిథియాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ ఫర్వాలేదు.