సర్టిఫికెట్లు చవకే, ఏది చేయాలన్నదే ప్రశ్న

"మామయ్యా, ఆగస్టులో చదువుకి అమెరికా ఫ్లైటు. ఈలోపు ఏ సర్టిఫికెట్లు చేసేయమంటావు?" విశాఖ వచ్చినప్పుడల్లా ఎంవీపీ కాలనీలో మా అక్క ఇంట్లో కాఫీతోపాటు ఈ ప్రశ్న కూడా వస్తుంది. అడిగేది మేనల్లుడే కానక్కర్లేదు. ఎదురు ఫ్లాటు అమ్మాయి అడుగుతుంది, ఆ అమ్మాయి క్లాస్‌మేట్లూ అడుగుతారు. ద్వారకానగర్‌లో రెండు సందులు తిరిగితే చాలు, అమెరికా ఉద్యోగానికి తయారుచేస్తామన్న బోర్డు కింద నాలుగైదు సర్టిఫికెట్లు కట్టగట్టి వేలకు వేలు తీసుకుని అమ్ముతున్నారు. వాటిలో చాలావరకు మీరు ఇంట్లో కూర్చుని, చాలా తక్కువలోనో పూర్తిగా ఉచితంగానో సొంతంగా చేసుకోగలిగినవే.

నేను డాలస్ దగ్గర ఉంటాను. మా ఆఫీసులో కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు రెజ్యూమెలు చూసే పని నా మీద కూడా పడుతుంది. కోర్సు పూర్తిచేసినందుకు ఇచ్చే సర్టిఫికెట్‌నీ, పరీక్ష పాసైనందుకు ఇచ్చే సర్టిఫికెట్‌నీ మేం ఒకే కంటితో చూడం. మొదటిది వీడియోలు చివరిదాకా నడిపిస్తే వచ్చేస్తుంది. రెండోదానికి ఎవరో కాపలా ఉండగా కూర్చుని రాయాలి. యుడెమీ అనే ఆన్‌లైన్ సైట్‌లో దొరికే కోర్సు మొదటి రకం. నేర్చుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, డిస్కౌంట్ ఉన్నప్పుడు ఐదారు వందల రూపాయలకే దొరుకుతుంది, నేను ఇప్పటికీ కొంటుంటాను. కానీ రెజ్యూమెలో దాన్ని చూసి ఎవరూ ఆగరు.

మనవాళ్లు చిన్నచూపు చూసేది ఎన్‌పీటెల్‌ని. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడుపుతున్న కార్యక్రమం అది. పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే వెయ్యి రూపాయలు కట్టి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. 60 వస్తే ఎలీట్ అని, 90 వస్తే గోల్డ్ అని సర్టిఫికెట్ మీదే వేస్తారు. జనవరిలో ఒక విడత, జూలైలో ఒక విడత మొదలవుతాయి. ఆగస్టులో వెళ్లేవాళ్లు జనవరి విడతే పట్టుకోవాలి. జూలైలో మొదలుపెడితే పరీక్ష నాటికి మీరు దేశంలోనే ఉండరు. అమెరికా మేనేజరుకు ఎన్‌పీటెల్ పేరు తెలియకపోవచ్చు, అందుకని పక్కన ఏ ఐఐటీయో, అది ప్రొక్టర్డ్ (అంటే కాపలా మధ్య రాసే) పరీక్ష అనీ రాస్తే సరిపోతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లలో మన దేశంవాళ్లు తక్కువేమీ ఉండరు, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు దొరికే కంప్యూటర్ల పని, వైపు వెళ్లేవాళ్లకు తొలిమెట్టు పరీక్ష అమెజాన్‌వాళ్ల క్లౌడ్ ప్రాక్టీషనర్, లేదంటే మైక్రోసాఫ్ట్‌వాళ్ల ఏజెడ్-900. మొదటిదానికి ఫీజు 100 డాలర్లు, 65 ప్రశ్నలు, గంటన్నర సమయం. మూడేళ్లు చెల్లుతుంది. పాసైతే తర్వాత రాసే అమెజాన్ పరీక్షకు సగం ఫీజు తగ్గిస్తారు. ఏజెడ్-900కి గడువంటూ లేదు. పైగా మైక్రోసాఫ్ట్ ఫీజు పరీక్ష రాసే దేశాన్నిబట్టి ఉంటుంది. అమెరికాలో 99 డాలర్లయితే ఇండియాలో అంతకన్నా బాగా తక్కువ. అది రాసే ఉద్దేశం ఉంటే విమానం ఎక్కకముందే రాసేయండి, పాఠాలు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఎలాగూ ఉచితం. అయితే ఇవి అ ఆలు మాత్రమే. వీటిని చూసి క్లౌడ్ ఇంజనీరు ఉద్యోగం ఎవరూ ఇవ్వరు, ఇంటర్న్‌షిప్‌కి పిలిస్తే పిలవచ్చు.

ఫీజు కట్టేముందు మన ఇంటిపేర్ల గొడవ ఒకటి చూసుకోవాలి. ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఇంకో దాంట్లో పూర్తిగా ముందుంటుంది, పాస్‌పోర్టులో విడిగా ఉంటుంది. పరీక్ష అకౌంటులోని పేరూ, చూపించే ఐడీలోని పేరూ ఒకటి కాకపోతే కూర్చోనివ్వరు, కట్టిన డబ్బు పోయినట్టే. అకౌంటు తెరిచేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా పెట్టుకోండి. ఈ క్లౌడ్ పరీక్షలు ఇంట్లోంచి రాసే వెసులుబాటు ఉంది గానీ బల్ల ఖాళీగా ఉండాలి, గదిలోకి ఎవరూ రాకూడదు, ప్రశ్న పైకి చదువుకున్నా అవతలినుంచి హెచ్చరిక వస్తుంది. మన ఇళ్లలో తలుపేసుకుని కూర్చుంటే వీడేం చేస్తున్నాడో చూద్దామని అమ్మమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చేస్తుంది. దానికితోడు కరెంటు టెన్షన్. నా మాట వింటే సెంటర్‌కి వెళ్లి రాయండి.

డేటా వైపు మొగ్గేవాళ్లు చాలామంది కోర్సెరా అనే ఆన్‌లైన్ సైట్‌లో గూగుల్ డేటా అనలిటిక్స్ చేస్తారు. మంచి కోర్సే. అమెరికాలో నెలకు 49 డాలర్లు, ఇండియాలో ఇంకా తక్కువ. నెలవారీ చందా కాబట్టి నాన్చేకొద్దీ చమురు వదులుతుంది. ఫైనాన్షియల్ ఎయిడ్‌కి దరఖాస్తు పెట్టుకునే వీలుంది. జవాబు రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, సాయం ఎందుకు కావాలో సొంత మాటల్లో రాయాలి.

అసలు చిక్కు చివరి ప్రాజెక్టు దగ్గర. చికాగో అద్దె సైకిళ్ల డేటాతో సైక్లిస్టిక్ అనే కేస్ స్టడీ ఒకటి ఆ కోర్సులోనే ఇస్తారు. సిద్ధంగా ఉంది కదా అని అందరూ అదే చేసి పెడతారు. రెజ్యూమెల్లో ఆ సైకిళ్లు చూసి చూసి మాకు కాళ్లు నొప్పులు పుడుతున్నాయి. కావాలంటే సొంత ప్రాజెక్టు ఎంచుకోవచ్చని కోర్సులోనే చెబుతారు, ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకున్న కుర్రాణ్ణి ఒకణ్ణి మొన్న మధురవాడలో చూశాను. వాళ్ల తాతగారిల్లు పోర్టు వైపు, పాత పోస్టాఫీసు దగ్గర. పొద్దున తుడిచిన అరుగు మధ్యాహ్నానికి నల్లబడుతుంది, పోర్టు బొగ్గుధూళి అని పెద్దవాళ్లు విసుక్కుంటూ ఉంటారు. కుర్రాడు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్ నుంచి విశాఖ గాలి నాణ్యత అంకెలు గంట గంటకీ ఉన్నవి దించుకున్నాడు. ఏ నెలలో ధూళి ఎక్కువ, దీపావళి రాత్రి ఎంత లేస్తుంది, వానలు పడితే ఎంత అణుగుతుంది అని గ్రాఫులు గీశాడు. మధ్యమధ్య కొన్ని రోజులకు అంకెలే లేవు.

"ఖాళీలను ఏం చేశావు?" అన్నాను.

"సగటు వేసి పూడ్చేద్దామనుకున్నా అంకుల్. తీరా చూస్తే ఖాళీలు ఎక్కువగా వానల్లోనే ఉన్నాయి. ఏడాది సగటు వేస్తే వానాకాలం కూడా మురికిగా కనిపిస్తుంది. అందుకని వదిలేసి, వదిలేశానని కిందే రాశాను."

తను తీసుకున్నది ఒక్క స్టేషన్ అంకెలేననీ, దాంతో ఇది పోర్టు పాపమే అని తేల్చలేననీ కూడా తనే చెప్పాడు. ఇంటర్వ్యూలో పావుగంట మాట్లాడటానికి ఇది చాలు. అతని దగ్గరున్నదీ అందరికీ ఉన్న గూగుల్ సర్టిఫికెట్టే.

పైసా ఖర్చు లేనివి కావాలంటే హార్వర్డ్‌వాళ్ల కంప్యూటర్ సైన్స్ కోర్సు సీఎస్50 ఉంది. ఎడెక్స్ అనే కోర్సుల సైట్‌లో వెరిఫైడ్ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టాలి గానీ, హోంవర్కులు, ఆఖరి ప్రాజెక్టు పూర్తిచేస్తే హార్వర్డ్‌వాళ్లు నేరుగా ఉచితంగా ఒకటి ఇస్తారు. హోంవర్కులు ఏడిపిస్తాయి, అందుకే దానికి నా ఓటు. ఫ్రీకోడ్‌క్యాంప్, కాగుల్ లెర్న్ కూడా ఉచితమే.

రెజ్యూమెలో రెండో మూడో చాలు. పద్నాలుగు పెట్టుకున్నవాణ్ణి చూస్తే ఏం కావాలో ఇంకా తేల్చుకోలేదనిపిస్తుంది. మీరు అప్లై చేయబోయే ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై తెరిచి, ఏ పేరు మళ్లీమళ్లీ వస్తోందో చూసి దానికే డబ్బు పెట్టండి. ఎడ్యుకేషన్ కింద డిగ్రీలు మాత్రమే ఉండాలి, సర్టిఫికెట్లకు వేరే చోటు ఇవ్వండి. పేరు, ఇచ్చిన సంస్థ, నెల, సంవత్సరం, సరిచూసుకునే లింకు. గడువు తీరినవి తీసేయండి. అన్నట్టు ఫొటో, పుట్టినతేదీ, నాన్నగారి పేరు అమెరికా రెజ్యూమెలో పెట్టరు.

అక్కడికి చేరాక కోర్సుల కోసం వెంటనే క్రెడిట్ కార్డు గీకకండి. ముందు ఊరి పబ్లిక్ లైబ్రరీలో సభ్యత్వం తీసుకోండి. అద్దె అగ్రిమెంటు లాంటి అడ్రసు రుజువు ఉంటే సాధారణంగా ఉచితంగానే ఇస్తారు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ చూసి పెరిగిన మనకు లైబ్రరీ అంటే పుస్తకాలు, పేపర్లే. అక్కడ చాలా ఊళ్లలో లైబ్రరీ కార్డు మీదే లింక్డ్‌ఇన్ లెర్నింగ్ లాంటి వీడియో కోర్సుల సైట్లు తెరుచుకుంటాయి. మీ యూనివర్సిటీ కూడా ఇస్తోందేమో అడగండి.

వీసా దగ్గర మాత్రం వీటిమీద ఆశ పెట్టుకోకండి. ఓపీటీలో (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయనిచ్చే గడువులో) ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల లెక్క, ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నామని ఆగదు. పెళ్లయి హెచ్-4 మీద (భర్త హెచ్-1బీ వీసాకి అనుబంధంగా) వెళ్లే అమ్మాయిల సంగతి వేరు. ఈఏడీ అనే పని అనుమతి కార్డు లేకుండా జీతానికి పని చేయకూడదు గానీ చదువుకోవడానికి అడ్డులేదు. రెజ్యూమెలో రెండు మూడేళ్ల ఖాళీ ఉన్నప్పుడు, ఆ ఏళ్ల తేదీలతో పరీక్ష రాసిన సర్టిఫికెట్లు ఉంటే అడిగేవాడికి జవాబు ముందే దొరుకుతుంది. ఈ చవక సర్టిఫికెట్లు అందరికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది వీళ్లకే అని నా నమ్మకం.

గాజువాక నుంచి గల్ఫ్‌కి సేఫ్టీ పనులమీద వెళ్లేవాళ్లకు ఈ కథంతా వర్తించదు. అక్కడ నెబోష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్ అడుగుతారు, అది చవకా కాదు, నాలుగు వీడియోలు చూస్తే వచ్చేదీ కాదు.

డంప్స్ పేరుతో, అసలు పరీక్షలోవే అంటూ వాట్సాప్‌లో తిరిగే ప్రశ్నల జోలికి పోకండి. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ పరీక్ష రాయనివ్వకపోనూవచ్చు.

ఈ అకౌంట్లన్నీ కాలేజీ మెయిల్‌తో కాకుండా సొంత జీమెయిల్‌తో తెరవండి. డిగ్రీ అయ్యాక కాలేజీవాళ్లు ఆ మెయిల్ మూసేస్తే పాస్‌వర్డు మార్చుకునే దారి కూడా ఉండదు. ఓటీపీకి ఇండియా నంబరు ఇచ్చి ఉంటే బయల్దేరేముందే మార్చుకోండి, లేదా ఆ సిమ్ రోమింగ్‌లో బతికి ఉండేలా రీఛార్జ్ చేయించే బాధ్యత తమ్ముడికో చెల్లికో అప్పగించండి.