అమ్మలూ, ఆ పాత రిజిస్టరు ముందు అడుగు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వడిగిన మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. చర్చి సావనీరుకి మన పాలకొల్లు, నర్సాపురం వైపు మిషన్ చరిత్ర రాయమన్నారు, మీ కాలేజీ స్నేహితులేమో మిషనరీలంటే తెల్లదొరల ఏజెంట్లే అంటున్నారు, సంఘపెద్దలేమో ఆ గొడవలు మనకెందుకమ్మా, చేసిన మేలు రాసి ఊరుకో అంటున్నారు, ఏం చెయ్యను తాతయ్యా అన్నావు. రెండు వైపులదీ రాయి. కానీ ఆ రెండింటికంటే ముందు రాయాల్సింది ఒకటుంది, దాన్ని నేను ముప్పయ్యేళ్ల కిందట వదిలేశాను.

అప్పుడు నాకూ ఇదే పని అప్పజెప్పారు. ఫలానా ఏడు ఫలానా దొరగారు ఓడ దిగారు, బంగళా కట్టారు, బడి పెట్టారు అని నాలుగు పేజీలు రాసి మా అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, "మరి మా తాత ఊసే లేదేంట్రా?" అంది. మా అమ్మ తాత చేతిలో లాంతరు పట్టుకుని పేటపేటకీ తిరిగి వాక్యం చెప్పిన మనిషి, జీతం ఎప్పుడొస్తుందో తెలియని బోధకుడు. ఆ మాట విని కూడా నేను మార్చలేదు, అలాగే అచ్చుకిచ్చేశాను. ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకని ముందు పాత బాప్తిస్మాల రిజిస్టరు అడుగు. ముట్టుకుంటే చిరిగిపోతుందంటారు, మీ ఎదురుగానే కూర్చుని చూస్తానని చెప్పు. నేను చూసినదాంట్లో ఒక పేజీ ఇంకా కళ్ల ముందుంది. ఎడమవైపు పాత పేరు, దాని పక్కన కొత్త పేరు, ఆ పక్కన చేసే పని. మొదటి వరసలో 'పాలేరు' అని రాసుంది, కింద పన్నెండు వరసలకీ రెండేసి చిన్న గీతలు, డిటో అని. తేదీ కూడా అందరికీ ఒకటే ఆదివారం. అంటే ఒక్కొక్కరు కాదు, పేట మొత్తం కూర్చుని మాట్లాడుకుని తీర్మానించుకుని వచ్చారన్నమాట. ఆ కూర్చున్న రాత్రి ఎవరేమన్నారో ఏ దొర ఉత్తరంలోనూ ఉండదు, ఇళ్లల్లో ముసలివాళ్లని అడగాల్సిందే.

ఇక దొరల సంగతి. మన వైపు మొదట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ పెద్ద ఆఫీసర్లేం కాదు. ఇంగ్లండులో డెవన్ ప్రాంతం వాళ్లు, బౌడెన్ రాతిపని చేసేవాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట భార్యలతో వచ్చారు, వెనక జీతమిచ్చే మిషన్ సొసైటీ లేదు. చెప్పులు కుట్టిన మనిషి మాదిగపేట గడపలో నిలబడి మాట్లాడాడంటే అది చిన్న సంగతి కాదమ్మా, మన దగ్గర తోలు ముట్టినవాణ్ణి ఎక్కడ ఉంచారో నీకు తెలుసు. అయినా తెల్లవాడు తెల్లవాడే. అక్కడ కూలిపని చేసుకునేవాడు ఇక్కడ ఓడ దిగగానే 'దొరగారు' అయిపోయాడు. సామ్రాజ్యంతో ముడి ఎక్కడుందని అడిగేవాళ్లకి నేనైతే ముందు ఈ పిలుపునే చూపిస్తాను.

మీ స్నేహితులకి ఇంకోటి చెప్పు. మనల్ని ఏలిన ఈస్టిండియా కంపెనీ మొదట్లో మిషనరీలని అసలు రానివ్వలేదు, జనం తిరగబడితే శిస్తు పోతుందని భయం. అందుకే విలియం కేరీ అనే మిషనరీ 1800లో కంపెనీ జాగా కాని డేన్లవాళ్ల సీరాంపూర్లో మకాం పెట్టాడు. కంపెనీ పాలన మీద బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1813 చార్టరు చట్టం తలుపు తీసింది, అదీ లైసెన్సు మీద. 1833 చట్టంతో మన సర్కారు జిల్లాల్లాంటి పాత ఇలాకాల్లో ఉండటానికి ఆ లైసెన్సు కూడా అక్కర్లేకపోయింది, మూడేళ్లకి బౌడెన్, బీర్ దిగారు. ఊరికే జరిగిందనుకోకు. ఇదే కంపెనీ 1817లో మద్రాసు రాజధానిలోని గుళ్ల పెత్తనం రెవెన్యూ బోర్డు కిందకి తెచ్చుకుంది. క్రైస్తవులం అయ్యుండి ఇదేం పనని మిషనరీలు గొడవపడ్డారు, మద్రాసు సైన్యాధిపతి పెరెగ్రిన్ మైట్లాండ్ 1838లో పదవే వదులుకున్నాడు. కంపెనీకి శిస్తే దేవుడు.

అలాగని ముడి లేదని మాత్రం రాయకు, అది అబద్ధం. గుంటూరుకి 1842లో లూథరన్ మిషనరీ హేయర్ వస్తే ఆదరించి నిలబెట్టింది అక్కడి కలెక్టరు స్టోక్స్. 1854 నుంచి సర్కారు గ్రాంటు వస్తే మిషన్ బడి నడిచేది, గ్రాంటు వెనకే ఇన్‌స్పెక్టరూ వచ్చేవాడు.

అన్నింటికంటే ఎక్కువ పేజీలు ఆనకట్టకి ఇవ్వు. 1847లో ధవళేశ్వరంలో కాటన్ దొర పని మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. వేలమంది కూలీలు రాళ్లు మోశారు, బౌడెన్, బీర్ ఆ కూలీల దగ్గరికే వెళ్లి బోధించారు. మన పేటల్లో మొదట విన్నవాళ్లు చాలామంది అక్కడ విన్నవాళ్లే. ఒక్క గట్టు మీదే కంపెనీ లెక్కా, సువార్తా, మనవాళ్ల చెమటా కలిశాయి. ఆనకట్టతో డెల్టా కరువు తీరింది, సర్కారు శిస్తూ పెరిగింది. కాటన్ విగ్రహానికి ఇవాళ్టికీ దండ వేస్తాం, వెయ్యాల్సిందే, ఆయన లేకపోతే ఈ పచ్చదనం లేదు. కానీ ఆ నీళ్లు పారిన పొలం మనది కాదు, రాయి మోసినవాడు మళ్లీ అదే చేలో ఊడ్పులకి దిగాడు. ఇది రాయకపోతే నీ వ్యాసం నా వ్యాసంలాగే సగంలో ఆగిపోతుంది.

నూకల కోసం మతం మారారనే మాట ఎవరో ఒకరు అంటారు. కోపం తెచ్చుకోకు, ఒంగోలు సంగతి చెప్పు. 1876-78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని గుత్తకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు, ఆ కూలి నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఆకలి లేదని నేననను, ఆకలితో ఉన్నవాడికి గౌరవం కూడా కావాలి. ఇక 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత క్రైస్తవులమని రాసుకున్న మనవాళ్లకి ఎస్సీ హక్కు లేదు, క్రైస్తవులైన ఎస్సీలకి పెట్టిన బీసీ-సీ గ్రూపులో ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకున్నాం. లాభం కోసం మారారనేవాళ్లు ఈ లెక్క కూడా వెయ్యాలి కదా.

దొరలు ఇంటికి రాసిన ఉత్తరాలు దొరికితే జాగ్రత్తగా చదువు. చాలావరకు చందాలు అడగడానికి రాసినవి, కాబట్టి మన చీకటి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ నల్లగా కనబడుతుంది. తేదీలూ ఊళ్ల పేర్లూ తీసుకో, మన గురించి చేసిన వర్ణన మాత్రం రెండోచోట సరిచూసుకో. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో ఒక పూట కూర్చో, 1907 నాటి జిల్లా గెజిటీరు ఉందేమో అడుగు. మాలలకీ మాదిగలకీ వేరే వేరే చర్చిలు ఎందుకు మిగిలాయో కూడా రెండు ముక్కలు రాయి, పెద్దలు ముఖం ముడుచుకున్నా సరే, ఆ పాపం తెల్లవాళ్ల మీదకి నెట్టెయ్యలేం.

ఊడ్పులు మొదలవ్వకముందే రా, తర్వాత పేటలో మధ్యాహ్నం ఎవరూ దొరకరు. కాలవగట్టు మీద ఇంట్లో ఉండే పెద్దమ్మ దగ్గరికి ముందు వెళ్దాం. ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చుని అడుగు, ఫోన్లో రికార్డు చేసే ముందు ఆవిడకి చెప్పు. మన క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాట ఒకటి ఎత్తుకుంటే మధ్యలో ఆపకు, పాట అయ్యాక తనే మాట్లాడుతుంది.

మీ చిన్నతాతయ్య