పాఠకుల ప్రశ్నలు: అమెరికా ఎన్నికల్లో డబ్బుకు హద్దు ఎక్కడ?

ప్రశ్న: అమెరికాలో అభ్యర్థికి ఇచ్చే చందాకు పరిమితి ఉందని ఒకచోట చదివాను. 2024 ఎన్నికల్లో ఈలాన్ మస్క్ ఒక్కరే 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టారని మరోచోట చదివాను. ఈ రెండు మాటలకూ పొంతన ఎలా కుదురుతుంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: రెండూ నిజమే. అభ్యర్థి చేతికి ఇచ్చే డబ్బును అక్కడి చట్టం ఒక రకంగా చూస్తుంది, అభ్యర్థితో నిమిత్తం లేకుండా ఆయన గెలుపు కోసం ఎవరో పెట్టే ఖర్చును మరో రకంగా చూస్తుంది. 2025–26 కాలానికి ఒక వ్యక్తి ఒక ఫెడరల్ అభ్యర్థికి (అధ్యక్ష పదవికి లేదా కాంగ్రెస్‌కు పోటీ చేసేవారికి) ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు, అంటే సుమారు మూడు లక్షల రూపాయలు మించి ఇవ్వరాదు. కానీ విడిగా పెట్టే ఖర్చుకు పరిమితి లేదు.

ఈ తేడా కోర్టు తీర్పుతో వచ్చింది. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో అమెరికా కాంగ్రెస్ చందాలకూ ఖర్చుకూ రెండింటికీ హద్దులు పెట్టింది. 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు చందాల పరిమితిని నిలబెట్టి, ఖర్చు పరిమితిని కొట్టివేసింది. నేరుగా ఇచ్చిన డబ్బు వెనుక ‘నాకిది చేసిపెట్టు’ అనే ఒప్పందం ఉండవచ్చు గనుక దాన్ని కట్టడి చేయవచ్చని, ప్రచారానికి సొంతంగా పెట్టే ఖర్చు మాత్రం భావప్రకటనలో భాగమని కోర్టు భావించింది. 2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ కేసులో 5–4 మెజారిటీతో అదే హక్కును కంపెనీలకూ కార్మిక సంఘాలకూ వర్తింపజేసింది. ఆ తర్వాత రెండు నెలలకే వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు, స్వతంత్రంగా ఖర్చు పెట్టే బృందాలు ఎంత చందా అయినా తీసుకోవచ్చునని చెప్పింది. ‘సూపర్ ప్యాక్‌లు’ అనే ఈ బృందాలు అలా పుట్టాయి. మస్క్ డబ్బులో అధిక భాగం అటువంటి సంస్థ ద్వారానే ఖర్చయింది.

నేటి వాదం ముఖ్యంగా ఈ ‘స్వతంత్రం’ అనే మాట చుట్టూ నడుస్తోంది. అభ్యర్థికి తెలియకుండా, ఆయనతో మాట్లాడుకోకుండా ఖర్చు పెట్టినప్పుడే అది స్వతంత్రం. అయితే ఇంటింటి ప్రచారాన్ని అభ్యర్థితో సమన్వయం చేసుకున్నా తప్పు కాదని 2024లో ఫెడరల్ ఎన్నికల సంఘం ఒక సలహా అభిప్రాయంలో చెప్పింది. నా దృష్టిలో చందాకూ స్వతంత్ర ఖర్చుకూ మధ్య ఉన్న గోడకు అక్కడే పెద్ద గండి పడింది, ఎందుకంటే గడప గడపకూ తిరిగే పని మొత్తం బయటి సంస్థ డబ్బుతో నడుస్తున్నప్పుడు అభ్యర్థికి అది నేరుగా ఇచ్చిన చందాకు ఏ విధంగానూ తీసిపోదు.

మన దేశంలో పద్ధతి దీనికి తలకిందులు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు 95 లక్షలు, శాసనసభ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షలు పరిమితి ఉంది. పార్టీ ఖర్చుకు లేదు. విచిత్రమేమంటే మనకూ 1974యే మలుపు. పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలోనే చేర్చాలని ఆ ఏడాది మన సుప్రీంకోర్టు కన్వర్‌లాల్ గుప్తా కేసులో చెప్పింది. వెంటనే పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ తీర్పును పక్కన పెట్టింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మొత్తం కన్నా గోప్యత. 2010 సిటిజన్స్ యునైటెడ్ తీర్పులో దాతల పేర్లు వెల్లడించాలన్న నిబంధనను తొమ్మిది మందిలో ఎనిమిది మంది న్యాయమూర్తులు సమర్థించారు. సూపర్ ప్యాక్ తన దాతల పేర్లు చెప్పాల్సిందే. కానీ దాత ముందు ఒక లాభాపేక్ష లేని సంఘానికి ఇచ్చి, ఆ సంఘం సూపర్ ప్యాక్‌కు ఇస్తే, రికార్డులో కనిపించేది సంఘం పేరే. దీన్ని పట్టుకోవాల్సిన అమెరికా ఫెడరల్ ఎన్నికల సంఘంలో సభ్యులు ఆరుగురు. ఒకే పార్టీవారు ముగ్గురికి మించరాదు. చర్యకు నాలుగు ఓట్లు కావాలి. అందుకే చాలా ఫిర్యాదులు 3–3 దగ్గరే ఆగిపోతాయి. 2025 మే నెలలో ఆ సంఘం కోరం కూడా కోల్పోయింది. పార్టీకి ఎవరు డబ్బిచ్చారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందంటూ మన సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేసింది. ఈ ఒక్క విషయంలో మన కోర్టు మాటే సూటిగా ఉందని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: మా బిడ్డ, అల్లుడు హెచ్‌-1బీ వీసాతో డల్లాస్‌లో పని చేస్తున్నారు. తెలిసిన తెలుగాయన అక్కడ నగర ఎన్నికల్లో నిలబడితే చందా ఇవ్వమంటున్నారట. ఇవ్వవచ్చునా?
– పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: ఇవ్వకూడదమ్మా. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివారు ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ఎన్నికల్లో దేనికీ డబ్బు ఇవ్వరాదు. అక్కడే పన్నులు కడుతున్నాము గదా అని తాత్కాలిక వీసాపై ఉన్న ఇద్దరు, వారిలో ఒకరు న్యూయార్కులో పనిచేసే కెనడా న్యాయవాది, కోర్టుకు వెళ్లారు. 2011లో వారు ఓడిపోయారు. 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ‘మీ పేరు మీద ఇవ్వండి, డబ్బు మీకు సర్దుతాను’ అని పౌరుడైన స్నేహితుడి ద్వారా ఇవ్వడం మరింత పెద్ద నేరం. దయచేసి ఈ మాట వాళ్లకు ఫోన్ చేసి స్పష్టంగా చెప్పండి. జీతం తీసుకోకుండా ప్రచారంలో సాయపడటానికి మాత్రం అడ్డు లేదు.

ప్రశ్న: 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు ఓటుకు నోటు గురించి ఊరూరా మాట్లాడుకున్నాం. అమెరికాలో అలాంటిది లేదా?
– పాఠకుడు, చౌటుప్పల్

జవాబు: ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేసినందుకే కాదు, ఓటరుగా నమోదైనందుకు డబ్బిచ్చినా, తీసుకున్నా అక్కడ ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు; మన చట్టంలో ఓటుకు లంచం ఇస్తే ఒక ఏడాది వరకే. అయినా వివాదాలు తప్పలేదు. 2024లో మస్క్ సూపర్ ప్యాక్ సంస్థ పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల్లో, నమోదైన ఓటర్లు ఒక వినతిపత్రంపై సంతకం చేస్తే రోజుకొకరికి పది లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. ఇది చట్టవిరుద్ధమైన లాటరీ అని ఫిలడెల్ఫియా జిల్లా అటార్నీ కోర్టుకెక్కారు. విజేతలను చీటీ తీసి ఎంచడం లేదని, సంస్థ తరఫున మాట్లాడేవారిగా ముందే ఎంచుకుంటున్నామని మస్క్ న్యాయవాదులు చెప్పారు. పోలింగుకు ముందురోజు, నవంబరు 4న, న్యాయమూర్తి ఆ పంపకాన్ని ఆపడానికి నిరాకరించారు.