లెక్కలో వచ్చిన విలువ ల్యాబ్‌లో ఎందుకు రాదు?

ప్రశ్న: ఉచిత డేటాబేస్ నుంచి ఆక్సైడ్ల బ్యాండ్ గ్యాప్ (పదార్థంలో ఎలక్ట్రాన్ విడిపడి కరెంటు మోయడానికి కావాల్సిన కనీస శక్తి) విలువలు దించుకుని మెషిన్ లెర్నింగ్ మోడల్ తయారుచేశాను. టెస్ట్ స్కోరు బాగానే వచ్చింది. నమూనా చేసి కొలిస్తే మాత్రం గ్యాప్ ఎప్పుడూ ఎక్కువే వస్తోంది. లోపం మోడల్‌దా, నమూనాదా?

జవాబు: ముందు డేటాను అనుమానించండి. మెటీరియల్స్ ప్రాజెక్ట్ లాంటి డేటాబేసుల్లో ఉండే గ్యాప్‌లు కొలిచినవి కావు, డీఎఫ్‌టీతో (క్వాంటం సిద్ధాంతం ఆధారంగా పదార్థ గుణాలను కంప్యూటర్‌లో అంచనా వేసే పద్ధతి) లెక్కకట్టినవి. ఆ లెక్కల్లో విరివిగా వాడే పీబీఈ ఫంక్షనల్ (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని ఉజ్జాయింపుగా లెక్కించే సూత్రం) గ్యాప్‌ను తగ్గించి చూపిస్తుంది. సిలికాన్‌నే చూడండి: గది ఉష్ణోగ్రతలో కొలిస్తే 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, పీబీఈ లెక్కలో దాదాపు 0.6. మీ మోడల్ ఆ తప్పునే శ్రద్ధగా నేర్చుకుంది. కొలిచిన విలువలు కొన్ని పదులైనా పోగుచేసి, వాటితో మోడల్‌ను సవరించుకోండి. లెక్కకట్టినవీ కొలిచినవీ మాత్రం ఒకే కాలమ్‌లో కలిపేయకండి.

ఇక ఆ స్కోరు సంగతి. డేటాను ఎలా పడితే అలా రెండుగా విడదీస్తే, ఒకే ఫార్ములా ఉన్న వేర్వేరు స్ఫటిక రూపాలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడతాయి. ప్రశ్నపత్రం ముందే లీకైనట్టు లెక్క. ఫార్ములా వారీగా, వీలైతే మూలకాల కుటుంబం వారీగా గుంపులు కట్టి విడదీయండి. స్కోరు పడిపోతుంది. నమ్మాల్సింది దాన్నే.

ప్రశ్న: ల్యాబ్ రికార్డు కాగితం నుంచి కంప్యూటర్‌కు మారుస్తున్నాం. ఏమేం ఎక్కించాలి?

జవాబు: ‘900 డిగ్రీల్లో 12 గంటలు’ అని రాస్తే ఆ నమూనాను ఇంకొకరు మళ్లీ చేయలేరు. వేడి నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున పెరిగింది, ఎలా చల్లార్చారు, ఏ వాయువు ఎంత వేగంతో పంపారు, క్రూసిబుల్ (నమూనాను కాల్చే పాత్ర) దేనితో చేసింది, థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సాధనం) నమూనాకు ఎంత దూరంలో ఉంది... ఇవన్నీ వేర్వేరు గడుల్లో, యూనిట్లతో సహా ఉండాలి. లిథియం సమ్మేళనాలైతే క్రూసిబుల్ గడి మరీ ముఖ్యం: అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పాత్రలో కాలిస్తే అల్యూమినియం నమూనాలోకి చేరొచ్చు. అధిక వేడికి లిథియం కొంత ఆవిరైపోతుంది కాబట్టి ఎంత అదనంగా కలిపారో కూడా రాయాలి. ఫార్ములా ప్రకారం ఎంత కావాలన్నది కాదు, త్రాసు చూపించిన బరువు రాయండి.

ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం తెలుసుకునే పరీక్ష) గ్రాఫ్‌ను బొమ్మగా దాచడం దండగ. కోణం, తీవ్రత అంకెలున్న అసలు ఫైలు, దానితో తరంగదైర్ఘ్యం (రాగి కె-ఆల్ఫా 1 అయితే 1.5406 ఆంగ్‌స్ట్రాంలు) దాచండి. విఫలమైన ప్రయత్నాలనూ ఎక్కించండి. గెలిచినవే చూసిన మోడల్‌కు ఓటమి ఎలా ఉంటుందో తెలియదు.

నమూనాకు ‘3-5’ అని పేరు పెడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. పేరును అక్షరంతో మొదలుపెట్టండి.