మొదటిసారి ప్రైమరీలో ఓటు వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన ఫొటో అత్తయ్య చుట్టాలందరికీ పంపింది. మాకు చాలా సంతోషంగా ఉంది. 2028 ప్రైమరీలో, అంటే అధ్యక్ష పదవికి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఒకే పార్టీ నుంచి పది మంది నిలబడి, అందరూ దాదాపు ఒకే మాట చెబుతుంటే వాళ్లలో ఎవరు మేలో ఎలా తేల్చుకోవాలి మామయ్యా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని రాస్తున్నాను. ఎవరికి వెయ్యాలన్నది నీ ఇష్టం. మా న్యూజెర్సీ వంతు జూన్‌లో వస్తుంది, చాలాసార్లు అప్పటికే అంతా తేలిపోయి ఉంటుంది. మీ టెక్సాస్ మార్చి మొదటి మంగళవారమే ఓటేస్తుంది. నీ ఓటుకు నిజంగా విలువ ఉండే చోట ఉన్నావు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఎవరైనా బలంగా కనబడితే, ఆ బలం సొంతమా, అరువా అని ముందు చూడు. 2016లో రిపబ్లికన్ల తరఫున జెబ్ బుష్ నిలబడ్డారు. తండ్రీ, అన్నా అధ్యక్షులుగా చేసినవాళ్లే. ఆయన కోసం పనిచేసిన సూపర్ పాక్ (అభ్యర్థి కోసం విడిగా విరాళాలు పోగు చేసి ఖర్చు పెట్టే సంస్థ) 10 కోట్ల డాలర్లకు పైగా పోగు చేసింది. అయినా ఫిబ్రవరి 20న సౌత్ కరోలినా ఫలితాలు వచ్చిన రాత్రే తప్పుకున్నారు. 2008 ఎన్నికలకు రిపబ్లికన్లలో, 2007లో ఎక్కువ కాలం దేశవ్యాప్త పోల్స్‌లో ముందున్నది న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియానీ. మొదటి రాష్ట్రాలను పెద్దగా పట్టించుకోకుండా ఫ్లోరిడా మీదే ఆశ పెట్టుకుని, అక్కడ మూడో స్థానంలో ఆగిపోయారు. 2020లో డెమొక్రాట్ల తరఫున నిలబడ్డ కోటీశ్వరుడు మైకేల్ బ్లూమ్‌బర్గ్ ప్రకటనలకే 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి, అమెరికన్ సమోవా ఒక్కటే గెలిచారు. లాస్ వేగాస్ డిబేట్‌లో పోటీదారు ఎలిజబెత్ వారెన్ ఎదురుగా నిలబడి నాలుగు ప్రశ్నలు అడిగేసరికి, ఆ ప్రకటనలు కట్టిన పేరంతా చెదిరిపోయింది.

డిబేట్‌లో మెరిసినవాళ్ల విషయంలోనూ ఇదే చూడాలి. 2019 జూన్‌లో మయామీ డిబేట్‌లో కమలా హారిస్ స్కూల్ బస్సుల విషయం (నల్ల, తెల్ల పిల్లలు కలిసి చదివేలా బస్సుల్లో వేరే స్కూళ్లకు పంపడం) మీద బైడెన్‌ను నిలదీసిన తీరు దేశమంతా చూసింది. పోల్స్‌లో ఆమె ఒక్కసారిగా పైకి లేచారు. డిసెంబర్ 3న, ఒక్క ఓటు కూడా పడకముందే తప్పుకోవాల్సి వచ్చింది. ఆరోగ్య బీమా మీద ఆమె మాట మారుతూ వచ్చింది, ప్రచార బృందంలో గొడవలు బయటకొచ్చాయి. డిబేట్ చూడు, తప్పకుండా చూడు. కానీ ఎవరు గెలిచారని వెంటనే తేల్చుకోకు. రెండు వారాలాగి, ఆ రోజు చెప్పిన మాట మీదే ఉన్నారా లేదా చూస్తే మనిషి ఎక్కువ తెలుస్తాడు.

ఇక సొంత బలం. దీన్ని గుర్తుపట్టడమే కష్టం, ఎందుకంటే అది అన్ని రాష్ట్రాల్లో ఒకేలా కనబడదు. 2020లో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఆయన పని అయిపోయిందని టీవీలన్నీ తేల్చేశాయి. ఆ రెండు రాష్ట్రాల్లోనూ తెల్లవాళ్లే చాలా ఎక్కువ. బైడెన్‌కు ఏళ్ల తరబడి అనుబంధం ఉన్న నల్లజాతి ఓటర్లు అక్కడ కొద్దిమందే. సౌత్ కరోలినా డెమొక్రాట్ ప్రైమరీలో వాళ్లే సగానికి పైగా ఉంటారు. ఫిబ్రవరి 26న అక్కడి నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించారు, 29న బైడెన్‌కు దాదాపు సగం ఓట్లు పడ్డాయి. మూడు రోజుల తర్వాత సూపర్ ట్యూస్‌డేలో, అంటే చాలా రాష్ట్రాలు ఒకే రోజు ఓటేసే మంగళవారం, 14 రాష్ట్రాలకు 10 గెలిచారు. వారెన్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ కూడా అందులో ఉంది. కాబట్టి ఎవరైనా ఒకచోట ఓడిపోతే, అక్కడ ఓటేసినవాళ్లు ఎవరో చూడకుండా బలహీనుడని అనుకోకు.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ రిపబ్లికన్ నిక్కీ హేలీ. 2024లో న్యూహాంప్‌షైర్‌లో ఆమెకు 43 శాతం దాకా వచ్చాయి. అక్కడ ఏ పార్టీలోనూ లేని ఓటర్లు కూడా ప్రైమరీలో వేయవచ్చు, ఆమెకు వచ్చినవాటిలో ఆ ఓట్లు చాలా ఉన్నాయి. సొంత రాష్ట్రం సౌత్ కరోలినాలో ట్రంప్ చేతిలో 20 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. పార్టీ బయటివాళ్లకు నచ్చడం నవంబర్‌లో జరిగే అసలు ఎన్నికకు మంచిదే. నామినేషన్ ఇచ్చేది మాత్రం పార్టీ లోపలివాళ్లు.

హేలీ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మన సంఘం పిక్నిక్‌ల్లో, వాట్సాప్ గ్రూపుల్లో మనవాళ్లు, మన మూలాలున్నవాళ్లు అనే లెక్క మొదలవుతుంది. బాబీ జిందాల్, హారిస్, హేలీ, వివేక్ రామస్వామి వరుసగా నిలబడ్డారు. నలుగురి ఆలోచనలూ నాలుగు దిక్కులు. వాళ్లు అంత దూరం వచ్చినందుకు గర్వపడు, నేనూ పడ్డాను. ఓటు దగ్గర మాత్రం దాన్ని తూకంలో వేయకు.

మనవాళ్లంతా అడిగే గ్రీన్‌కార్డు సంగతి కూడా ఇలాగే జాగ్రత్తగా చూడాలి. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి చట్టంలో ఉంది, దాన్ని కాంగ్రెస్ మార్చాలి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల భార్యాభర్తల వీసా) మీద ఉన్నవాళ్లలో కొందరు ఉద్యోగం చేసుకునే అనుమతి 2015లో ఒబామా ప్రభుత్వం నిబంధన ద్వారా తెచ్చింది. ఆ 7 శాతం పరిమితిని పదవిలోకి వచ్చిన మొదటి రోజే తీసేస్తానని ఎవరైనా అంటే, వాళ్లకు ఆ పని ఎలా అవుతుందో తెలియకైనా ఉండాలి, తెలిసి కూడా అలా అంటూ ఉండాలి. ఏ వాగ్దానం విన్నా ఇది అధ్యక్షుడి సంతకంతో అయ్యేదా, కాంగ్రెస్ ఓటుతో అయ్యేదా అని అడుగు. రెండోదైతే, ఆ అభ్యర్థి ఇంతకుముందు అవతలి పార్టీవాళ్లతో కలిసి ఏ బిల్లు నెగ్గించాడో వెతుకు. నా దృష్టిలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే.

బలహీనతలన్నీ కూడా ఒకే బరువు కావు. 2004లో అయోవా ఫలితాల రాత్రి డెమొక్రాట్ అభ్యర్థి హొవార్డ్ డీన్ ఉత్సాహంతో వేసిన కేకను టీవీలు రోజుల తరబడి తిప్పి తిప్పి చూపించాయి. ఆ కేకే ఆయన్ను ముంచిందని ఇప్పటికీ చెబుతారు. నిజానికి కేక వేసే సమయానికే ఆయన మూడో స్థానంలో ఉన్నారు. ఆ కేకకూ అధ్యక్ష పదవికీ సంబంధం లేదు. అదే 2008లో డెమొక్రాట్ నామినేషన్ కోసం హిల్లరీ క్లింటన్, ఒబామా పోటీపడ్డది చూడు. క్లింటన్ 2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి అనుమతిస్తూ సెనేట్‌లో ఓటు వేశారు. అదే నెలలో ఒబామా షికాగో సభలో ఆ యుద్ధం వద్దని మాట్లాడారు. అధ్యక్షుడు తీసుకునే నిర్ణయాల్లో అంతకంటే పెద్దది ఉండదు కాబట్టి, ఓటర్లు దాన్ని పట్టుకోవడం న్యాయమే. అయితే ఒబామా అప్పుడు రాష్ట్ర సెనేటర్ మాత్రమే, ఆ బిల్లు మీద ఓటు వేయాల్సిన ఇబ్బంది ఆయనకు రాలేదు. ఇద్దరినీ పోల్చేటప్పుడు అదీ లెక్కలోకి రావాలి.

ఆ 2008లోనే ఇంకో పాఠం. మా న్యూజెర్సీ ప్రైమరీ ఫిబ్రవరి 5కు ముందుకు జరిగింది. ఇక్కడ క్లింటన్ గెలిచారు, 59 మంది డెలిగేట్లు (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) ఆమెకు, 48 మంది ఒబామాకు. అదే రోజు చిన్న రాష్ట్రం ఐడహో కాకస్‌లో, అంటే పార్టీవాళ్లు ఒకచోట సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతిలో, ఒబామాకు 15, ఆమెకు 3. ఎవరూ పట్టించుకోని ఐడహోలో ఆయన సంపాదించిన తేడా, న్యూజెర్సీ మొత్తంలో ఆమె సంపాదించిన తేడా కంటే ఒకటి ఎక్కువ. మీ టెక్సాస్‌లోనూ ప్రైమరీ ఓట్లు ఆమెకు ఎక్కువ పడ్డా, రాత్రి జరిగిన కాకస్‌తో కలిపితే డెలిగేట్లు ఆయనకే ఎక్కువ వచ్చారు. రూల్స్ చదువుకుని ఊరూరా మనుషుల్ని పెట్టుకున్న బృందం అది. ప్రచారాన్ని పద్ధతిగా నడిపినవాళ్లు ప్రభుత్వాన్నీ బాగా నడుపుతారని గ్యారంటీ లేదు గానీ, ప్రచారమే నడపలేనివాళ్ల మీద నాకు నమ్మకం కుదరదు.

నవంబర్‌లో ఎవరు గెలవగలరన్న లెక్కకు రెండో స్థానమే ఇవ్వు. అందులో అందరూ జోస్యులే. లెక్క వెయ్యాలనుకుంటే, తమ పార్టీ మామూలుగా ఓడిపోయే కౌంటీల్లో ఆ మనిషికి ఇంతకుముందు ఎన్ని ఓట్లు పడ్డాయో చూడు. పోల్స్ కంటే అది గట్టి ఆధారం.

ఓటు ఎప్పుడు వెయ్యాలన్నది కూడా ముఖ్యమే. 2020లో టెక్సాస్ ఎర్లీ ఓటింగ్ (ప్రైమరీ రోజుకు ముందే ఓటు వేసే గడువు) ఫిబ్రవరి 28న ముగిసింది. మర్నాడు సౌత్ కరోలినా ప్రైమరీ, ఆ మర్నాడు పోటీలో ఉన్న పీట్ బూటిజెజ్ తప్పుకున్నారు, ఆ తర్వాతి రోజు ఎమీ క్లోబుచర్ తప్పుకున్నారు. ముందే వాళ్లకు వేసినవాళ్ల ఓట్లకు ఫలితం లేకుండా పోయింది. పోటీ తేలకుండా ఉంటే, సెలవు పెట్టుకునైనా ప్రైమరీ రోజునే వెళ్లు. డెమొక్రాట్లలో 15 శాతం దాటని అభ్యర్థికి డెలిగేట్లు రారు, కాబట్టి రెండో పేరు కూడా మనసులో పెట్టుకో. రిపబ్లికన్ల రూల్స్ రాష్ట్రానికో రకం. 2016లో సౌత్ కరోలినాలో మూడో వంతు కంటే తక్కువ ఓట్లతోనే ట్రంప్‌కు మొత్తం 50 మంది డెలిగేట్లూ దక్కారు. మిగతావాళ్లు ఓట్లు చీల్చుకున్నారు.

టెక్సాస్‌లో పార్టీ పేరుతో రిజిస్టర్ కానక్కర్లేదు, అక్కడికెళ్లి ఏ పార్టీ బ్యాలట్ కావాలో చెబితే చాలు. కానీ ఒక పార్టీ ప్రైమరీలో వేస్తే ఆ ఏడాది రెండో పార్టీ రన్ఆఫ్‌లో (ఎవరికీ సగం దాటకపోతే మళ్లీ పెట్టే ఓటింగ్) వేయనివ్వరు. జడ్జీలు కూడా అదే బ్యాలట్ మీద ఉంటారు, అది కూడా ఆలోచించి అడుగు. ఓటరుగా నమోదు 30 రోజుల ముందే పూర్తవ్వాలి. మన ఇంటిపేర్ల గందరగోళం నీకు తెలిసిందే, డ్రైవింగ్ లైసెన్స్ మీదా ఓటరు కార్డు మీదా పేరు ఒకేలా ఉండేలా ఇప్పుడే సరిచేయించుకో. పోలింగ్ గదిలో ఫోన్ వాడనివ్వరు. కౌంటీ వెబ్‌సైట్‌లో నమూనా బ్యాలట్ దొరుకుతుంది, ప్రింట్ తీసి, ఎవరికి వెయ్యాలో గుర్తు పెట్టుకుని, ఆ కాగితం చేత్తో పట్టుకెళ్లు.

అల్లుడు వేరే అభ్యర్థి అంటే పోట్లాడకండి, ఇద్దరూ ఎందుకో చెప్పుకోండి. పిల్లలకు ముద్దులు.

మీ మామయ్య